నాన్న నోట్‌బుక్కూ, నా అట్టపెట్టెలూ

మా నాన్నకి ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ఇంట్లోకి వచ్చిన ప్రతి పుస్తకమూ, ప్రతి గ్రామఫోన్ రికార్డూ అందులోకి ఎక్కాల్సిందే. తారీఖు, పేరు, ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు. వైజాగ్ షిప్‌యార్డులో ఉద్యోగం. జీతం అందిన సాయంత్రం జగదాంబ సెంటర్ దాకా వచ్చి, ఏదో ఒకటి చంకలో పెట్టుకోకుండా సింధియా బస్సు ఎక్కేవారు కాదు. ‘ఎమెస్కో పాకెట్ బుక్, 3 రూ., బేరం కుదరలేదు’ అని ఒకచోట ఉంటుంది. ఇంకోచోట ఒక ఎల్పీ పక్కన చిన్నక్షరాలతో ‘ఇంట్లో చెప్పలేదు’ అని.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను అంటే వైజాగ్ వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. మా హాలు కిటికీ ఫ్రేముతో సహా ఊడి లోపలికి పడింది. పుస్తకాల అల్మారా సరిగ్గా దాని ఎదురుగా. రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, పాల ప్యాకెట్ల కోసం క్యూలు. ఆ పరిస్థితిలో పుస్తకాల గురించి ఏడవడానికి సిగ్గేసింది. వారం తర్వాత చూస్తే పేజీలన్నీ అతుక్కుని ఇటుకల్లా అయిపోయాయి. రికార్డుల కవర్లు ముద్ద. నాన్న ఏమీ అనలేదు. చెత్త బండి రెండుసార్లు తిరిగింది. నోట్‌బుక్ మాత్రం బీరువాలో బ్యాంకు పాస్‌బుక్కుల మధ్య ఉండబట్టి బతికింది.

నాన్న 2019లో పోయారు. మరుసటేడు లాక్‌డౌన్‌లో బీరువా సర్దుతుంటే ఆ నోట్‌బుక్ నా చేతికొచ్చింది. 412 పద్దులు. అన్నీ మళ్లీ కొనేంత డబ్బూ లేదు, చోటూ లేదు. ఒక నలభైకి పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాను. కొన్ని చిన్నప్పుడు నేను చదివినవి, కొన్ని నాన్న గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీసిన పాటలవి, ఒకటి రెండు ఊరికే పేరు నచ్చి. ఊళ్లో పాత పుస్తకాలవాళ్లని అడిగితే పోటీ పరీక్షల గైడ్లు, ఇంజినీరింగ్ పుస్తకాలే ఎక్కువ చూపించారు. దాంతో ఆన్‌లైన్‌లో వెతుకుదామని ఫోన్ పట్టుకున్నాను. ఇప్పటికి ఇరవై ఆరు దొరికాయి. వాటిలో నాలుగు రెండేసి సార్లు కొనాల్సి వచ్చింది. ఎందుకో చెప్తాను.

తెలుగు పాత పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో వెతకడమంటే ముందు అమ్మేవాడి ఇంగ్లీషు స్పెల్లింగు ఊహించడం. రావిశాస్త్రి గారి కథల సంపుటం ఒకటి నా జాబితాలో ఉంది. మన ఊరి వకీలు, మన ఊరి రచయిత, ఎక్కడపడితే అక్కడ దొరుకుతుందనుకున్నాను. తెలుగులో టైపు చేస్తే ఒక్కటీ రాలేదు. ఇంగ్లీషులో కొడదామంటే ‘రా’కి ఒక ‘ఎ’నా, రెండు ‘ఎ’లా? ‘వి’కి ‘వి’నా, ‘డబ్ల్యూ’నా? శాస్త్రికి ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ ఉందా, చివర ‘ఐ’నా, ‘వై’నా? కొందరు రాచకొండ అని మొదలుపెడతారు, కొందరు విశ్వనాథశాస్త్రి అని, ఇంకొందరు అన్నీ కలిపి ఒకే మాటగా రాసేస్తారు. పదకొండో రకం స్పెల్లింగుకి దొరికింది. ఎవరికీ కనపడకపోవడం వల్లే కాబోలు, 120 రూపాయలకే ఉంది. తప్పు స్పెల్లింగులో చవక ఉంటుందని అప్పుడు తెలిసింది.

ఇంగ్లీషు పుస్తకాలకైతే అట్ట వెనక ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు కొడితే చాలు, సరిగ్గా ఆ ఎడిషనే వచ్చి నిలబడుతుంది. 2007 నుంచి అది పదమూడంకెలు. 978 తర్వాత 81 గానీ 93 గానీ ఉంటే మన దేశపు ప్రచురణ అని గుర్తు. నాన్న కాలం తెలుగు పుస్తకాలకి ఆ నంబరే ఉండదు. అందుకే నేను అమ్మేవాళ్లని రెండు ఫొటోలు అడుగుతాను: ఎన్నో ముద్రణో చెప్పే లోపలి పేజీ ఒకటి, వెన్ను ఒకటి. అట్ట ఫొటో ఎవరైనా పెడతారు. వెన్ను ఫొటో పంపమంటే మాట మార్చేవాళ్ల దగ్గర కొనను.

ఈ తెలివి ముందే ఉంటే ఆ 650 రూపాయలు మిగిలేవి. నాన్న జాబితాలో ఒక పాత యాత్రా గ్రంథం ఉంది. ‘కొత్తది, పేపర్‌బ్యాక్’ అని ఒక పెద్ద షాపింగ్ యాప్‌లో కనిపించింది. ఎవరో పునర్ముద్రించారు కాబోలని సంబరపడి ఆర్డర్ పెట్టాను. వచ్చింది. అట్ట మీద పుస్తకానికి ఏ సంబంధమూ లేని సూర్యాస్తమయం. తెరిస్తే మొదటి పేజీలోనే ఏదో లైబ్రరీ గుండ్రటి ముద్ర, అదీ సగం. ఎవరో పెన్సిల్‌తో గీసిన గీతలు నల్లటి మరకల్లా అచ్చయ్యాయి. 112 తర్వాత 115. ఇక 47వ పేజీలో, కింద కుడివైపు మూల, స్కాన్ చేసేటప్పుడు పేజీని అదిమిపట్టిన మనిషి బొటనవేలు, గోరుతో సహా. కొత్తదని కొంటే ఎవరి పాత పుస్తకానిదో ఫొటో వచ్చిందన్నమాట.

అసలు సంగతి తర్వాత తెలిసింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టు కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు బోలెడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకి కాపీరైటు తీరిపోతుంది. అలాంటి స్కాన్ ఒకటి దింపుకుని, ఆర్డర్ వచ్చినప్పుడల్లా ఒక్కో కాపీ ప్రింటు తీసి అమ్మేవాళ్లున్నారు. అందులో తప్పేం లేదు. కానీ ఆ ముక్క ముందే చెప్పాలి కదా. నేను ఆర్కైవ్‌లో వెతికి 47వ పేజీ తెరిచాను. అదే బొటనవేలు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిరిగి పంపుతానంటే పార్శిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉందా అన్నారు. లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ పార్శిల్ విప్పినా మా అమ్మాయి ఫోన్ పట్టుకుని నిలబడాలి. “అమ్మా, కత్తెర కెమెరాకి చూపించు” అని డైరెక్షన్ కూడాను.

దొంగ ప్రింట్ల గురించి ఒక్క మాట. పేరున్న ఇంగ్లీషు పుస్తకం ‘వాడినదే, కొత్తదానిలా ఉంది’ అని 99 రూపాయలకి కనిపిస్తే అది చాలావరకు ఎవరూ వాడినది కాదు, ఫుట్‌పాత్ సరుకు. కాగితం పల్చగా అవతలి అక్షరాలు కనపడేలా ఉంటుంది, వెన్ను మీద పేరు వంకరగా ఉంటుంది. నేను రెండు కొన్నాక మానేశాను.

మంచి అనుభవం కూడా చెప్పాలి. నాన్న కొన్న సోవియట్ పుస్తకాలు నాకు ప్రాణం. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చేసి పంపేవి. గట్టి అట్టలు, రంగుల బొమ్మలు, ధర మాత్రం ఐస్‌క్రీం అంత. 1991లో సోవియట్ యూనియనే పోయాక ఇంకెక్కడివి? ఇప్పుడు పిల్లల బొమ్మల పుస్తకం ఒక్కోటి వేలల్లో చెప్తున్నారు. రాజమండ్రి నుంచి ఒకాయన మూడు కలిపి 900కి పెట్టారు. అనుమానమొచ్చి ఎప్పట్లాగే వెన్ను ఫొటో అడిగాను. ఫొటోకి బదులు ఫోనొచ్చింది.

“ఎవరికోసం అమ్మా?”

“నాకేనండీ. మా నాన్నగారు కొన్నవి తుఫానులో పోయాయి.”

“అలాగా. ముందే చెప్తున్నాను, రెండోదాంట్లో చివరి అట్ట లోపల మా వాడు చిన్నప్పుడు బాల్‌పెన్నుతో రైలు బొమ్మ గీశాడు. అది చూసుకుని ఓ యాభై తగ్గించి పంపు.”

“తగ్గించక్కర్లేదండీ. మరి మీ అబ్బాయి ఏమీ అనుకోరా?”

“వాడికి గుర్తే లేదు. అడిగాను. అమ్మేయమన్నాడు.”

నాలుగో రోజుకి పార్శిల్ వచ్చింది. ఆయన పూతరేకుల అట్టపెట్టెలో సర్ది, చుట్టూ పాత పంచె ముక్క చుట్టి పంపారు. ఎంత ముచ్చటగా ఉందో అనుకునేలోపు పెట్టె మూల నుంచి చీమలు బయల్దేరాయి. ఆ బెల్లం పొడి దారంతా వాటిని పోషించినట్టుంది. పుస్తకాలు బాల్కనీలో దులిపి, ఆరబెట్టి, పాలిథిన్ సంచిలో రెండు వారాలు విడిగా ఉంచాను. ఎవరింటి నుంచి వచ్చిన పాత పుస్తకమైనా నేరుగా అల్మారాలో పెట్టకూడదని మన సముద్రపు గాలి ఊళ్లో త్వరగానే తెలుస్తుంది. ఒక్కదాంట్లో పురుగుంటే వానాకాలం దాటేసరికి పక్కవాటికీ పాకుతుంది. అమ్మ మాత్రం కలరా ఉండలు వేస్తే సరిపోతుందంటుంది. ఆవిడ లెక్కలో ప్రపంచంలోని సమస్యల్లో సగానికి మందు కలరా ఉండలే. రైలు బొమ్మకి మూడు పెట్టెలున్నాయి. ఇంజన్ మీద ‘గోదావరి’ అని రాశాడు, ‘దా’కి దీర్ఘం లేకుండా.

రికార్డుల సంగతి వేరు. అక్కడ దెబ్బ తినడానికి సరికొత్త మార్గాలున్నాయి. నాన్న నోట్‌బుక్‌లో 1976లో కొన్న ఘంటసాల భగవద్గీత ఎల్పీ ఉంది. ముందుగా దానికోసమే వెతికాను. ఒకాయన ‘గుడ్ కండిషన్’ అని పెట్టాడు. గుడ్ అంటే మంచిదనే కదా అనుకుంటాం. రికార్డుల వాళ్ల భాషలో కాదు. వాళ్లకి పైన మింట్, దాని కింద నియర్ మింట్, ఆ కింద వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, అప్పుడు గుడ్ ప్లస్, ఆ తర్వాత గుడ్. అంటే మన గుడ్ ఇంచుమించు అడుగునే ఉంది. గీతలుంటాయి, కరకరలుంటాయి, అయినా ముల్లు ఆగకుండా చివరిదాకా వెళ్తుందని మాత్రమే దానర్థం. పెళ్లి సంబంధాల్లో ‘అమ్మాయి చామనఛాయ’ అన్నట్టు ఆ మాటకి విడిగా ఒక నిఘంటువు కావాలి. డిస్కాగ్స్ లాంటి రికార్డుల వెబ్‌సైట్లలో ఈ కొలతల అర్థం రాసిపెట్టి ఉంటుంది, ఏ రికార్డు ఇదివరకు ఎంతకి పోయిందో కూడా కనిపిస్తుంది. ఆ లెక్క చూడకుండా ఇప్పుడు ధర ఒప్పుకోను.

అప్పుడు ఇవేవీ తెలీక 1,400 పెట్టి కొన్నాను. మే నెల. పార్శిల్ ఎక్కడో గోడౌన్‌లో మూడు రోజులు మాడింది. వచ్చాక చూస్తే రికార్డు పళ్లెం అంచు అప్పడంలా లేచిపోయింది. ప్లేయర్ మీద పెడితే ముల్లు ఫిషింగ్ హార్బర్‌లో పడవలా లేస్తోంది, దిగుతోంది. ఘంటసాల గారి గొంతు అలలు అలలుగా వస్తోంది. అమ్మినవాడు “నేను పంపినప్పుడు బాగానే ఉంది మేడమ్” అన్నాడు, నిజమే అయ్యుండొచ్చు. రెండు అద్దాల మధ్య పెట్టి ఎండలో ఉంచమని ఎవరో సలహా ఇచ్చారు. ఉంచాను. వంకర పోలేదు, పక్కకి జరిగింది.

రెండోసారి పద్ధతిగా వెళ్లాను. రికార్డు తిరుగుతుండగా పక్క నుంచి వీడియో తీయమన్నాను, అంచు ఎగుడుదిగుడులు కనపడేలా. రెండు వైపులా మొదటి నిమిషం ముల్లు పెట్టి వినిపించమన్నాను. పళ్లేన్ని కవర్లోంచి బయటికి తీసి, కవర్ వెనక విడిగా పెట్టి ప్యాక్ చేయమన్నాను. లేకపోతే దారిలో కుదుపులకి పళ్లెం కదిలి కవర్ అంచుని చీల్చేస్తుంది. ఎండలు తగ్గాక జూలైలో పంపమన్నాను. ఆయన ఓపికగా అన్నీ చేశారు. ‘కుక్క బొమ్మ’ లేబుల్ మీద ఎవరో ఊదా సిరాతో ఇంటిపేరు రాసుకున్నారు తప్ప మచ్చ లేదు.

పొద్దున్నే ఆరింటికి గొప్పగా పెట్టాను. రెండు శ్లోకాలు కాలేదు, అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. “ఏటే నీకు మతిగానీ పోయిందా? వీధిలో వాళ్లు ఎవరు పోయారనుకుంటారు? ఆపు ముందు!” నిజంగానే ఎదురింటి పిన్నిగారు గేటు దాకా వచ్చి, అమ్మని చూసి ఊపిరి పీల్చుకుని, పాలు వచ్చాయా అని అడిగి వెళ్లిపోయారు. ఆ ఎల్పీ ఇప్పుడు తలుపులు వేసుకుని, సౌండు తగ్గించి వింటాను.

ఎల్పీలకన్నా ముందు కాలం నాటి, నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 ఆర్‌పీఎమ్ పళ్లేల జోలికి ఒక్కసారే వెళ్లాను. అవి లక్కతో చేసినవి, గాజుల్లా పగులుతాయి, నాది మూడు ముక్కలై వచ్చింది. ముక్కలు కాకపోయినా నా ప్లేయర్ ముల్లు వాటికి పనికిరాదట, వాటి గాడి వెడల్పు, ముల్లు కూడా లావుది కావాలి. ఎల్పీలు తుడిచే ఆల్కహాల్ లిక్విడ్ వాటి మీద పోస్తే లక్క కరిగిపోతుందని కూడా అప్పుడే తెలిసింది. క్యాసెట్లు కొనలేదు. సీడీలు రెండు కొన్నాను, ఒకటి ఎంపీత్రీ డిస్కు అని తేలింది.

సినిమాలు నాన్న పెద్దగా కొనలేదు. 2007లో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలకే తెచ్చినప్పుడు మాత్రం సంచీలతో తెచ్చారు. ఇవాళ ఆ వీసీడీలు పెద్ద టీవీలో పెడితే మొహాలు చదరాలు చదరాలుగా కనిపిస్తాయి. అందులో ఉన్నదే 352 బై 288 చుక్కలు మరి. వాటిని మళ్లీ కొనదలచుకోలేదు. నాకు కావలసింది సత్యజిత్ రే సినిమాలు, మంచి ప్రింటువి. ఓటీటీలో ఈ నెల ఉంటాయి, వచ్చే నెల ఉండవు.

అమెరికాలో పాత డీవీడీల ధర చూస్తే ఇక్కడ కొత్తవాటికన్నా తక్కువ. డల్లాస్‌లో మా తమ్ముడి అడ్రసుకి ఆర్డర్ పెట్టి, సంక్రాంతికి వాడు వచ్చేటప్పుడు తెమ్మన్నాను. “అక్కా, ఆవకాయ అటు, డిస్కులు ఇటు, నేను కొరియర్ వాడినా?” అంటూనే తెచ్చాడు. కంప్యూటర్ డీవీడీ డ్రైవులో పెట్టాను. తెర మీద హెచ్చరిక: ఇది రీజియన్ 1 డిస్కు, మీ డ్రైవు రీజియన్ 5, మార్చాలా? ఇంకో నాలుగుసార్లు మాత్రమే మార్చగలరు. డీవీడీలకి దేశాల వారీగా తాళాలుంటాయని విన్నాను గానీ, కంప్యూటర్ డ్రైవుకి మొత్తం ఐదు మార్పులే రాసిపెట్టి ఉంటాయని, ఐదోదాని దగ్గర అది శాశ్వతంగా ఆగిపోతుందని అప్పుడే తెలిసింది. మన సినిమా పెట్టినప్పుడొకటి, రే సినిమా పెట్టినప్పుడొకటి ఖర్చయితే ఆదివారానికి అయిపోతాయి. చివరికి 1,200 పెట్టి ఇంకో యూఎస్‌బీ డ్రైవు కొని, దాన్ని రీజియన్ 1కి మార్చి, మీద మార్కర్‌తో ‘అమెరికా’ అని రాశాను. చవక డిస్కులు అలా ఖరీదయ్యాయి. బ్లూరేల్లో తాళాలు వేరే, మనది ‘సి’, అమెరికాది ‘ఎ’. వాటి జోలికి పోలేదు.

బయటి దేశాల నుంచి పుస్తకాలు కూడా ఇదివరకు తెప్పించేదాన్ని. బుక్ డిపాజిటరీ అని ఒకటి ఉండేది, పోస్టు ఖర్చు లేకుండా పంపేవాళ్లు. 2023 ఏప్రిల్‌లో మూసేశారు. 2019 నుంచి విదేశీ పుస్తకాలకి 5 శాతం కస్టమ్స్ సుంకం కూడా ఉంది. అది తక్కువే, పోస్టు ఖర్చే వాత పెడుతుంది. మన దగ్గర మాత్రం పోస్టాఫీసు ఈ మధ్య ఒక మంచి పని చేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. పుస్తకాల పార్శిల్ 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్నులు అదనం. నెమ్మదిగా వస్తుంది, అయితే ట్రాకింగ్ ఉంటుంది. నలభై ఏళ్లు ఆగిన పుస్తకం ఇంకో వారం ఆగలేదా?

కొత్తవి అస్సలు కొననా అంటే, కొంటాను. పునర్ముద్రణ ఉన్న తెలుగు పుస్తకాన్ని పాతది వెతికి ఎక్కువ పెట్టి కొనడం తెలివితక్కువ పని. విశాలాంధ్ర, నవచేతన, ఎమెస్కో ప్రచురణల జాబితాలు చూసుకున్నాకే పాతవాటికి వెళ్తున్నాను. నా నలభైలో తొమ్మిది అలా కొత్తవే దొరికాయి, అక్షరాలు పెద్దవి, కళ్లకి హాయి. కొత్త ఎల్పీలు మాత్రం రెండు వేల పైన చెప్తున్నారు. ఒకటి కొన్నాను, అమ్మకి ఆరొందలని చెప్పాను. నోట్‌బుక్ వెనక ఖాళీ పేజీల్లో నా పద్దులు రాస్తున్నాను కాబట్టి దాని పక్కన ‘ఇంట్లో చెప్పలేదు’ అని రాయాల్సి వచ్చింది.

రెండేసి సార్లు కొన్నానని మొదట్లో చెప్పినవాటిలో ఒకటి పాత సినిమా పాటల ఈపీ, అంటే చిన్న రికార్డు. మొదటిది రావడం ఆలస్యమైతే పోయిందనుకుని ఇంకోటి ఆర్డర్ పెట్టాను, రెండూ ఒకే రోజు వచ్చాయి. అమ్మ పోరు పడలేక పోయిన నెల ఒకటి అమ్మకానికి పెట్టాను. ‘వెరీ గుడ్’ అని రాయబోయి, లైటు కింద మళ్లీ చూసి, ‘గుడ్ ప్లస్’ అని దిద్దాను. ‘రెండో పాట మొదట్లో చిన్న గీత, నాలుగుసార్లు టక్కుమంటుంది’ అని కూడా రాశాను. అనకాపల్లి నుంచి ఒకబ్బాయి అడిగాడు.

“మేడమ్, తిరుగుతుండగా పక్క నుంచి వీడియో పంపగలరా? రెండు వైపులా కాస్త ప్లే చేసి?”

పంపాను. పది నిమిషాల తర్వాత మెసేజ్ వచ్చింది: “మేడమ్, 40వ సెకను దగ్గర బుస్సుమని ఒక సౌండు వస్తోంది. అది రికార్డులోదేనా?”

మళ్లీ పెట్టి విన్నాను. మా కుక్కర్. మూడో కూత. ఆ మాటే రాసి, వంటింటి తలుపు వేసి మళ్లీ తీసి పంపాను.